కంప్యూటర్‌కు కట్టిన పసుపు దారం

ఆ గురువారం నేను చెయ్యాల్సిన పనులు ఇవి:

అమ్మను కళ్ళ దవాఖానకు తీసుకుపోవాలి.
స్కూటీ బ్రేకులు బాగుచేయించాలి.
ఒక పెళ్ళివాళ్ళకు పెళ్ళికొడుకు ఎంక్వయిరీ రిపోర్టు ఇవ్వాలి. పిల్లవాడు మంచివాడే, చెప్పిన ఉద్యోగమే అబద్ధం.
స్నేహలతతో విడిగా మాట్లాడాలి.
పెన్‌డ్రైవ్ చూడాలి.
కంప్యూటర్ చూడాలి.
నాలుగు గంటలలోపు మేనేజర్‌తో కేసు పెట్టనని అనిపించాలి.
కంప్యూటర్ గది తలుపు పొద్దున్నే ఎవరు తీస్తారో, ఆ మనిషిని అడగాలి.

మొదటి మూడూ ముందురోజు రాసుకున్నవి. మిగతావి పూలమ్మ నా ఎదురుగా కూర్చుని ఏడుస్తుండగా రాసుకున్నవి. చివరిది ఎందుకో తర్వాత తట్టింది. అందుకే అది అట్టడుగున ఉండిపోయింది.

సుబేదారిలో ఒక జిరాక్సు షాపు మీద నా ఆఫీసు. గుమ్మం పక్కన 'సుహాసిని డిటెక్టివ్ సర్వీసెస్' అని చిన్న బోర్డు. పెద్ద కేసులేవీ అంత తేలిగ్గా ఆ మెట్లెక్కి రావు. పూలమ్మ హసన్‌పర్తి నుంచి మొదటి బస్సుకే వచ్చి, కుర్చీ చూపించినా అంచున మాత్రమే కూర్చుంది.

"నా బిడ్డ స్నేహలతను దొంగ అంటాండ్రమ్మా. కొత్తవాడల దర్రీలు నేసేటోళ్ళ సంఘం లేదా, ఆడ కంప్యూటర్ పని చేస్తది. సోమవారం పొద్దుగాల మిషిన్ల డిజైన్లన్ని మాయమైనయట. దీని సొరుగుల పెన్‌డ్రైవ్ దొరికిందట. పాస్‌వర్డ్ చెప్పు, లేకుంటే ఇయ్యాల నాలుగ్గంటలకు స్టేషన్ల కేసు పెడ్తం అంటాండ్రు."

"దేని పాస్‌వర్డమ్మా?"

"నాకేమెర్క? నాకు నాటేసుడు, కలుపు తీసుడే తెలుసు." కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "దానికి గవర్నమెంటు నౌకరి అచ్చింది తల్లీ. జూనియర్ అసిస్టెంట్. పోలీసోళ్ళ ఎంక్వయిరీ ఒక్కటే బాకీ ఉన్నది. ఇప్పుడు కేసయితే..."

ఆ తర్వాతి మాట అనక్కర్లేదు. మా ఇంట్లో కూడా డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఆ వెరిఫికేషన్ కాగితంలో 'కేసులు ఏమీ లేవు' అన్న ఒక్క ముక్క ఒక ఇంటికి ఎంత అవసరమో నాకెవరూ చెప్పక్కర్లేదు.

అమ్మకు ఫోన్ చేసి కళ్ళ పరీక్ష రేపు అన్నాను. బ్రేకులు పట్టని స్కూటీ మీదే కొత్తవాడకు బయల్దేరాను.

*

సంఘం తలుపు ఒక ముసలాయన తీశాడు. కళ్ళద్దాల కాడ విరిగితే తెల్ల దారంతో కట్టుకున్నాడు. "జర కింద సూసుకొని నడువు బిడ్డా, పోగులున్నయ్" అన్నాడు. నేను దాటిన చోటే వంగి, తెగిపడ్డ పోగునొకదాన్ని ఏరి చెవి మీద పెట్టుకున్నాడు. నేను ఆయన పేరు కూడా అడగలేదు. మేనేజర్ గది ఎటో అడిగాను.

మేనేజర్ వెంకటేశ్వర్లు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని ఉన్నాడు. ఆయన మనిషి చెడ్డవాడిలా అనిపించలేదు. భయపడ్డవాడిలా అనిపించాడు.

"పోయినవి ఎవరి డిజైన్లు సార్?"

"నర్సింగం మాస్టరువి మేడం. ముప్పై ఏండ్లు గీసిండు. పోయినేడు కాలం చేసిండు. ఆయన గ్రాఫ్ కాగితాలన్ని ఈ పిల్లే కంప్యూటర్ల ఎక్కిచ్చింది. తర్వాత వానలకు ఆఫీసుల నీళ్ళొచ్చి కాగితాలు పోయినయ్. ఇగ మిగిలింది గా మిషిన్లయే."

"ఇంకో కాపీ తీసి పెట్టుకోలేదా?"

"దానికో డిస్కు కావాల్నని ఆ పిల్ల అడిగింది. కమిటీల చూద్దామన్నరు." పెన్ను మూత ఠక్కున పడింది. "చూద్దామంటనే ఉన్నం."

"ఆ డిజైన్లు ఎవరికైనా కావాలా?"

"బయటి రాష్ట్రం మిల్లోళ్ళు పోయిన నెల వచ్చి కొంటమన్నరు. అవి మిల్లుల పడితే ఇక్కడి మగ్గాలు మూతే. కమిటీ ఇయ్యనన్నది. గీ పిల్లకు ఎంత ఆశ పెట్టిన్రో ఏమో..."

"పెన్‌డ్రైవ్ దొరికింది ఎవరికి?"

"నాకే. సొరుగు చూడమన్నది ఉమాకాంత్ సార్. సైబర్ ఎక్స్‌పర్ట్. సోమవారం ఫోన్ చెయ్యంగనే వచ్చిండు. మిషిన్ గదికి ఆయనే సీలేసిండు."

స్నేహలతను నూలు గదిలో కూర్చోబెట్టారు. రంగు నూలు కట్టల మధ్య మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన కళ్ళు. తలుపు దగ్గరికి వేసి నేనూ ఒక కట్ట మీద కూర్చున్నాను.

"పెన్‌డ్రైవ్ నీదేనా?"

"నాదే అక్కా. నేనే కొని మిషిన్ వెనుక పెట్టిన. మిషిన్ ఉరకాల్నని."

"వివరంగా చెప్పు. నాకేమీ తెలియదనుకో."

ఆ మాటతో ఆమె నడుము నిటారుగా చేసుకుంది. చెప్పమని అడిగినవాళ్ళు ఈ నాలుగు రోజుల్లో లేరు కాబోలు.

"మా మిషిన్ మస్తు పాతది అక్కా. పొద్దుగాల ఆన్ చేసి, గది ఊకి, ఛాయ్ గ్లాసులు కడిగి, నీళ్ళ బాటిల్ నింపుకొని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతనే ఉండేది. 'నీ మగ్గం కన్నా నా గుంట మగ్గమే నయం పొల్లా' అని ఈడ నేసే రాజమల్లు తాత నవ్వేటోడు. లోపటి హార్డ్ డిస్కు తీసి ఎస్సెస్‌డీ, అంటే జల్ది నడిచే కొత్త డిస్కు, వేయించమంటే కమిటీ వద్దన్నది. అప్పుడు యూట్యూబ్‌ల చూసిన. మెమరీ తక్కువున్న పాత మిషిన్‌కు పెన్‌డ్రైవ్ పెడితే, మాటిమాటికి కావాల్సిన సామాను విండోస్ అండ్ల పెట్టుకుంటది. హార్డ్ డిస్కంతా దేవులాడే పని తప్పుతది. రెడీబూస్ట్ అంటరు."

"ఫాయిదా అయ్యిందా?"

"మరీ మస్తు కాదు గని..." మొదటిసారి నవ్వబోయింది. "గ్లాసులు కడిగేసరికి అచ్చేది. బాటిల్ నింపేదాంక ఆగేది లేకుండె."

"నువ్వు దాన్ని ఎప్పుడైనా బయటికి తీశావా?"

"ఒక్కనాడు గూడ తియ్యలే. సొరుగులకెట్ల పోయిందో నాకెర్కలే. దసరకు తాత మగ్గాలన్నిటికి బొట్లు పెట్టి దారం కట్టిండు. కంప్యూటర్‌కు గూడ కట్టిండు. ఆ పెన్‌డ్రైవ్‌కు బొట్టు పెట్టి, ఇది గూడ పని చేసేదే గదా అన్నడు."

"మరి ఆ పాస్‌వర్డ్ గొడవేంటి?"

"దాంట్ల ఒక్కటే ఫైల్ ఉంటదక్కా. దానికి తాళం విండోసే వేసుకుంటది. పెన్‌డ్రైవ్ ఎవరన్న ఎత్తుకపోయినా లోపటివి చదవరాకుండ. ఆ తాళం నాకు చెప్పదు, ఎవ్వలికీ చెప్పదు. గిదే చెప్తే ఆ సారు నవ్విండు. మా మేనేజర్ సారు గూడ నవ్విండు. లేని పాస్‌వర్డ్ నేనేడికెల్లి తేవాలె?"

బయట మగ్గం చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. గడియారం చూసుకున్నాను. రెండు దాటింది.

*

ఉమాకాంత్ మెడలో వేలాడే గుర్తింపు కార్డుతో, మడత నలగని చొక్కాతో కంప్యూటర్ గది ముందు నిలబడి ఉన్నాడు. నా కార్డు రెండువైపులా తిప్పి చూశాడు.

"డిటెక్టివ్ సర్వీసెస్. పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు చేస్తారు కదా మేడం మీరు?"

"అవును సార్. అబద్ధాలు చెప్పే పెద్దమనుషుల్ని చూసి చూసి అలవాటైంది."

వెంకటేశ్వర్లు దగ్గాడు. ఉమాకాంత్ మాత్రం నవ్వుతూనే ప్లాస్టిక్ కవర్లోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. దాని మీద కుంకుమ బొట్టు ఎండి పెచ్చులైనా ఇంకా ఎర్రగానే ఉంది.

"ఎనిమిది జీబీ. లోపల ఒకే ఒక్క ఫైల్. డ్రైవ్ నిండా అదే. ఎన్‌క్రిప్టెడ్. మామూలు మనిషికి ఇంత పెద్ద ఫైల్‌కి తాళం వేసే అవసరం ఏముంటుంది? సంఘం డిజైన్లన్నీ ఇందులో ఉన్నాయి. పిల్ల తెలివైనది, పాస్‌వర్డ్ చెప్పడం లేదు. అంతే కేసు."

"ఫైల్ పేరు ఏమిటి సార్?"

అర క్షణం ఆగాడు. "రెడీబూస్ట్. పేరు ఏదైనా పెట్టుకోవచ్చు మేడం. దొంగ తన మూట మీద 'మూట' అని రాస్తాడా?"

నేను నా ల్యాప్‌టాప్ తీసి పక్క గదిలో మేనేజర్ టేబుల్ మీద పెట్టాను. డిగ్రీ చివరి ఏడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ముక్కుతూ మూలుగుతూ లేస్తుంది. అది లేచేలోపు వెంకటేశ్వర్లు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"మేనేజర్ గారూ, ఇది నా పెన్‌డ్రైవ్. ఖాళీది. చూడండి."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "ఖాళీగనే ఉన్నది."

డ్రైవ్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరిచాను. రెడీబూస్ట్ అన్న చోట, ఈ డ్రైవ్ మొత్తాన్ని అందుకే వాడుకోమని గుర్తు పెట్టి ఓకే నొక్కాను. కొంచెంసేపు దీపం మినుకుమినుకుమంది.

"ఇప్పుడు చూడండి."

"ఒక ఫైలొచ్చింది." వెంకటేశ్వర్లు తెర దగ్గరికి వంగాడు. "నిండా అదే ఉన్నది. పేరు గూడ అదే!"

"తెరవండి."

నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "తెరుసుకుంటలేదు మేడం."

"పాస్‌వర్డ్ చెప్పమని నన్ను అడగండి. చెప్పకపోతే నన్ను కూడా స్టేషన్‌కు పంపండి. మీ కళ్ళ ముందే, మీ టేబుల్ మీదే నేనేం దొంగిలించాను సార్?"

ఆయన పెన్ను మూత పెట్టేసి జేబులో పెట్టుకున్నాడు. నూలు గది తలుపు కొంచెం తెరుచుకుంది. సందులోంచి స్నేహలత కళ్ళు కనబడ్డాయి.

"బాగుంది, మంచి షో." ఉమాకాంత్ గొంతు మారలేదు. "ఇది రెడీబూస్ట్ ఫైల్ ఎలా ఉంటుందో చూపించింది. ఈ బొట్టు పెన్‌డ్రైవ్‌లో ఉన్నది కూడా అదేనని చూపించలేదు. అసలు ఫైల్ తీసేసి, అదే పేరుతో డిజైన్లు దాచి ఉండొచ్చు. లేకపోతే చెప్పండి, డిజైన్లు ఎక్కడికి పోయాయి?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. నేను కంప్యూటర్ గది వైపు నడిచాను.

"దీన్ని దాని చోటనే పెట్టి చూద్దాం. సీలు తీయండి."

"ఎవిడెన్స్ పాడైపోతుంది."

"పెన్‌డ్రైవ్ కాపీ తీసి దాచానని, మేనేజర్ గారికిచ్చిన రిపోర్టులో మీరే రాశారు కదా సార్."

మేనేజర్ ఆయన వైపు చూశాడు. ఆ చూపులో ఇందాకటి నమ్మకం లేదు. ఉమాకాంత్ సీలు చించాడు.

*

చిన్న గది. ఒక టేబుల్, కుర్చీ, గోడకు నర్సింగం మాస్టర్ ఫోటో. టేబుల్ కింద కంప్యూటర్ డబ్బా. దాని నడుముకు చుట్టూ పసుపు దారం, పైన మూడు బొట్లు. స్నేహలతను గుమ్మం దగ్గరే నిలబెట్టారు.

స్విచ్ వేశాను. వంగి పెన్‌డ్రైవ్ వెనుక పెట్టి లేచేసరికి తెర మీద డెస్క్‌టాప్ వచ్చేసి ఉంది. వెనుక నుంచి గాజు పగిలినట్టు చిన్న గొంతు వినిపించింది.

"అక్కా... అచ్చిందా? అప్పుడే?"

నేను వెనక్కి తిరిగాను. స్నేహలత తెర వైపు చూస్తోంది, దెయ్యాన్ని చూసినట్టు.

"సోమవారం నువ్వు దీన్ని ఆన్ చెయ్యలేదా?"

"నేనచ్చేసరికే సార్లు ఆన్ చేసి ఉన్నరు. నన్ను ముట్టనియ్యలే."

డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచాను. రెడీబూస్ట్ అన్న చోట నొక్కాను. నా ల్యాప్‌టాప్‌లో కనబడినట్టు ఎంచుకునే గడులేవీ రాలేదు. ఇంగ్లీషులో ఒక్క వాక్యం వచ్చింది. మేనేజర్ కోసం తెలుగులో చెప్పాను. "ఈ కంప్యూటర్ ఇప్పటికే సరిపడా వేగంగా ఉంది, ఈ పెన్‌డ్రైవ్ వల్ల ఇంకా లాభం ఉండదు అంటోంది."

ఉమాకాంత్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "విన్నారా సార్? మిషినే సాక్ష్యం చెబుతోంది! దీనికి పెన్‌డ్రైవ్ అక్కర్లేదట. అంటే పిల్ల స్పీడ్ కోసం పెట్టానని చెప్పింది పచ్చి అబద్ధం."

"అబద్ధం కాదక్కా" అంది గుమ్మం దగ్గర స్నేహలత.

నేను ఆ వాక్యాన్నే చూస్తూ ఉన్నాను. అది అబద్ధం చెప్పదు. స్నేహలత కూడా అబద్ధం చెప్పలేదు. రెండూ నిజమైతే?

"మేనేజర్ గారూ, ఈ మిషిన్ వేగం సంగతి మీకు తెలుసా?"

"నాకు తెలవక పోవుడేంది మేడం? ఒక్క బిల్లు తియ్యాల్నంటే తాత ముత్తాతలు యాదికొచ్చేటోళ్ళు. శనివారం గూడ గట్లనే ఏడిపిచ్చింది."

"శబ్దం వచ్చేదా?"

"గుర్రు కొట్టేది. పక్క గదిలకు ఇనొచ్చేది."

నేలమీద కూర్చుని డబ్బాకు చెవి ఆనించాను. ఫ్యాను గాలి తప్ప ఏమీ లేదు. పాత హార్డ్ డిస్కు లోపల పళ్ళెం గిర్రున తిరుగుతుంది. గరగరలాడుతుంది. ఇక్కడ ఏదీ తిరగడం లేదు.

"సార్, డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో పోలేదు. హార్డ్ డిస్కే పోయింది. లోపల కొత్త ఎస్సెస్‌డీ పెట్టారు. పాతదాన్నుంచి విండోస్, బిల్లులు అన్నీ ఎక్కించి, ఒక్క డిజైన్లే వదిలేశారు. ఈ పెన్‌డ్రైవ్ పీకి సొరుగులో వేసిందీ వాళ్ళే. ఫైళ్ళు చెరిపితే వెనక్కి తీసే అవకాశం ఉంటుంది. డిస్కే మార్చితే ఇక ఇందులో వెతికినా ఏమీ దొరకదు."

"ఊహలు." ఉమాకాంత్ చేయి చాచి డబ్బా నడుము చూపించాడు. "ఈ కవర్ తెరవాలంటే దారం తెగాలి. దసరాకు కట్టిన దారం. సోమవారం నేను వచ్చేసరికి చెక్కుచెదరకుండా ఉంది, ఫోటో కూడా తీశాను. రిపోర్టులో పెట్టాను. డబ్బా ఎవరూ తెరవలేదు."

అది మాత్రం గట్టి మాటే. దారాన్ని నేనూ ముందే చూశాను. కానీ చేత్తో చూడలేదు.

బొటనవేలి గోరు ఆనించి దారం పొడుగునా జరుపుకుంటూ పోయాను. పైన పూజనాడు వేసిన పెద్ద ముడి. ముందువైపు ఏమీ లేదు. పక్క కవర్ అంచు తెరుచుకునే చోట గోటికి నువ్వుగింజంత గరుకు తగిలింది.

మా అమ్మ సాంచాల దగ్గర, అదే మరమగ్గాల దగ్గర, నూలు కండెలు చుట్టేది. పోగు తెగితే చూపుడు వేలు, బొటనవేలు ఒక్కసారి తిరిగేవి, అంతే, అతుకు పడేది. మాతో మాట్లాడుతూనే వేసేది. నిద్రలో కూడా వేళ్ళు కదిలేవి. ఆ అతుకు మామూలు ముడిలా పైకి లేవదు, రెండు కొసలూ దగ్గరగా తెంపేస్తారు. బట్టలో కలిసిపోవాలి కదా.

"ఈ దారం తెగింది సార్. తెగాక అతికారు. ఇది మగ్గం ముడి."

"అయితే?" ఉమాకాంత్ గొంతులో మొదటిసారి ఏదో తడబడింది. "తెంపినవాడే కట్టుకుని ఉంటాడు."

"దొంగ అయితే ఆ దారాన్ని పీకి పారేస్తాడు. లేకపోతే తొందరలో ఏదో ముడి వేస్తాడు. ఇది దొంగ వేసింది కాదు. పోగు తెగి కనబడితే అతకకుండా పోలేని చెయ్యి వేసింది. అది స్నేహలతది కాదు, వాళ్ళది నాట్లేసే ఇల్లు. పూజదారం తెగి వేలాడుతుంటే ఎవరో చూశారు. అయ్యో అనుకుని అతికారు. వాళ్ళకు అది చెప్పుకునేంత సంగతి అనిపించి ఉండదు. సోమవారం మీరు ఫోటో తీసేముందే అది జరిగింది, అంటే స్నేహలత గదిలోకి రాకముందే." నా మాటల వేగం నాకే వినబడుతోంది. ఆగలేకపోయాను. "కేసులో సాక్షి ఉన్నాడు సార్. ఆ మనిషే వచ్చి, నేను తలుపు తీసేసరికే దారం తెగి ఉందంటే చాలు. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిలోపు తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళే దొంగ."

ఉమాకాంత్ దారం వైపే చూస్తున్నాడు. ఇంతసేపూ తన వైపు ఉందనుకున్న సాక్ష్యం ఎదురు తిరిగితే మనిషి చూసే చూపు అది. నాకది గెలుపులా అనిపించింది.

"పొద్దున్నే ఈ గది ఎవరు తీస్తారు?" అని మెల్లగా అడిగాడు.

"మా రాజమల్లే" అన్నాడు వెంకటేశ్వర్లు. "మేడం, మీకు ఇందాక తలుపు తీసినాయన."

"ఒక్క నిమిషం. ఫోన్ వస్తోంది." ఉమాకాంత్ జేబులోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకుంటూ బయటికి వెళ్ళాడు. ఫోన్ మోగినట్టు నాకు వినబడలేదు. ఆ సంగతి కూడా తర్వాతే తట్టింది.

మేనేజర్‌ను చూడమని చెప్పి దారానికి ముడి పక్కనుంచి ఫోటోలు తీశాను. ముడి చెడకుండా, దానికి దూరంగా దారం కత్తిరించి కవర్ విప్పాను. హార్డ్ డిస్కు ఉండాల్సిన గూడు ఖాళీగా ఉంది. దుమ్ములో పాతదాని అచ్చు నలుచదరంగా కనబడుతోంది. పక్కన, దుమ్మే పట్టని వైరు చివర, అరచేతిలో పట్టేంత కొత్త ఎస్సెస్‌డీ.

స్నేహలత అక్కడే కూలబడి ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరు.

వెంకటేశ్వర్లు గోడకున్న మాస్టర్ ఫోటో వైపు చూడలేక తల దించుకున్నాడు. "మేడం, ఒక మాట. ఎస్సెస్‌డీ వేయించుకోండ్రని మొదట కమిటీకి చెప్పింది ఉమాకాంత్ సారే. మేం వద్దన్నం. శనివారం సాయంత్రం వచ్చి, ఆదివారం ఆఫీసు బందుంటది గదా, యాంటీవైరస్ వేసి పెడ్తనన్నడు. తాళంచెవి నేనే ఇచ్చిన. ఆదివారం రాత్రి మా ఇంటికొచ్చి ఇచ్చిపోయిండు. సోమవారం డిజైన్లు లేవని చూడంగనే, గా గాబరల మిషిన్ స్పీడు గూడ పట్టించుకోక, మళ్ళ ఆయనకే ఫోన్ చేసిన. నా అంత తెలివితక్కువోడు ఉంటడా?"

"ఇంతవరకూ ఎందుకు చెప్పలేదు సార్?"

"ఆయన చదువుకున్న మనిషి. నాకు అనుమానమే రాలే. పిల్ల మీదనే..." ఆపేశాడు. తర్వాత స్నేహలత వైపు తిరిగాడు. "బిడ్డా, నేను స్టేషన్‌కు పోను. పోతే నీ దిక్కుకెల్లే పోత."

నా జాబితాలో ఒక పని అయింది. అది గుర్తొచ్చినప్పుడే దాని కింది పని కూడా గుర్తొచ్చింది.

ఒక్క ఉదుటున బయటికి వచ్చాను. వాకిట్లో పొద్దుట్నుంచి ఆడుతున్న మగ్గం ఆగి ఉంది. గుంటలో ఎవరూ లేరు. అరుగు మీద యాదవ్వ అనే ముసలామె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది.

"అవ్వా, రాజమల్లు తాత ఏడి?"

"ఆ సారు తోలుకపోయిండు బిడ్డా. స్టేషన్ల ఏదో సంతకం వెట్టాల్నట. మొగులు ఒత్తుకొచ్చింది, రేపొస్త అన్నడు తాత. ఇనకపాయె. రెక్కవట్టి బండెక్కిచ్చుకున్నడు."

"ఏ దిక్కు పోయారు?"

ఆమె చెయ్యెత్తి చూపించింది. పోలీస్ స్టేషన్ అటు కాదు.

"తాత నంబరు ఉందా అవ్వా? తొందరగా!"

"స్నేహలతకు ఎరికే."

స్నేహలత నంబరు కలిపింది. అవతల మోగింది. మగ్గం పక్క కిటికీలో, చార్జింగ్ వైరుకు వేలాడుతూ, ఒక చిన్న బటన్ల ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది.

వంద నంబరుకు ఫోన్ చేసి యాదవ్వ చెప్పిన బండి రంగు, ఉమాకాంత్ ఆనవాళ్ళు చెప్పాను. వాళ్ళు అడిగారు: ఆ ముసలాయన ఎలా ఉంటాడమ్మా? ఏం కట్టుకున్నాడు? కళ్ళద్దాలకు కట్టిన తెల్ల దారం తప్ప నేనేమీ చెప్పలేకపోయాను. ఆయన నాకు తలుపు తీశాడు, నేను కిందికి చూసుకుంటూ లోపలికి పోయాను. సాక్షి ఉన్నాడని దొంగ మొహానే చాటింది నేను. ఆ సాక్షిని ఒక్క మాట అడగనిదీ నేనే. ఇప్పుడు స్నేహలత రాకముందే దారం తెగి ఉందని చెప్పగల నోరు ఆయనదొక్కటే. ఆయన దొరక్కపోతే ఉమాకాంత్ రేపు, ఆ ఎస్సెస్‌డీ కూడా ఈ పిల్లే పెట్టిందని చెబుతాడు.

మబ్బు పట్టింది. బ్రేకులు లేని స్కూటీ తీస్తుంటే, స్నేహలత అడక్కుండానే వెనుక ఎక్కి కూర్చుంది. వద్దనలేదు, యాదవ్వ చూపించిన దిక్కుకే బండి తిప్పాను.

నా కథ చదువుతున్న మీకు ఒక్కటే మనవి. పెన్‌డ్రైవ్ సంగతి, డిస్కుల సంగతి మరిచిపోయినా పర్వాలేదు. ఈ పేజీల మొదట్లో ఒకాయన తలుపు తీసి, కింద చూసుకుని నడవమన్నాడు. కళ్ళద్దాల కాడకు తెల్ల దారం కట్టుకున్నాడు. తెగిన పోగు కనబడితే వదిలి వెళ్ళలేడు, చెవి మీద పెట్టుకుంటాడు. ఆయన పేరు రాజమల్లు. నేను చూడకుండా దాటిపోయాను. మీరైనా ఆయన్ని గుర్తుపెట్టుకోండి.